మస్తాన్ మామ మూడు తరాల ఇన్‌ఫేమస్

రెండంటే రెండే అక్షరాలతో ఒక మనిషి పరువు తీయడం ఎలాగో నాకు తెలుసు. నేను తీశాను. అదీ నన్ను నమ్మి టీ తాపించిన మనిషి పరువు.

అప్పుడే ఇంగ్లీషు ఎమ్మే పాసయ్యాను. మా పక్కింటి మస్తాన్ మామది కడప బండల వ్యాపారం. బెంగళూరులో ఇళ్లు కట్టించే ఒకావిడ వాట్సాప్‌లో వివరాలు అడిగింది.

"అల్లుడా, యాపారం శానా డల్లుగా ఉండాది. ఈ ఆర్డరు రాకుంటే షెడ్డుకు తాళమే. గట్టి ఇంగ్లీషులో కొట్టు" అన్నాడు మామ.

'మా షాపు ఫేమస్' అని కొట్టాను. మరీ చప్పగా తోచింది. వాల్యుబుల్ కంటే ఇన్‌వాల్యుబుల్ గొప్పది కదా, ఆ లెక్కన ఫేమస్ కంటే ఇన్‌ఫేమస్ గొప్పదే అయ్యుండాలి. నవ్వకండి, ఎమ్మే చదివిన బుర్ర మరి.

"మామా, ఇన్‌ఫేమస్ అని రాసినా. ఫేమస్‌కు పెద్దన్న అది" అని చెప్పి పంపేశాను.

పది నిమిషాల్లో ఆవిడే ఫోను చేసింది. తెలుగావిడే. మామ స్పీకరు పెట్టాడు.

"ఇన్‌ఫేమస్ అని రాశారు. నిజమేనా?"

"నిజమేమ్మా. నేనొక్కన్నే కాదు, మా అబ్బా ఇన్‌ఫేమస్. మా దాదా అయితే మద్రాసు దాకా ఇన్‌ఫేమస్."

"మరి మీ దగ్గర కొన్నవాళ్లు ఏమంటారు?"

"ఏమంటారమ్మా? ఒగసారి ఈడికొచ్చినోళ్లు మళ్ల యాడికీ పోరు."

ఫోను కట్టయింది.

"సిగ్నల్ లేదేమోలే" అన్నాడు మామ. నాకు అనుమానమొచ్చి ఫోనులో నిఘంటువు తెరిచాను. 'చెడ్డపేరు మోసిన' అని ఉంది. మామకు చెప్పే ధైర్యం లేక నాలుగు రోజులు పెరటి దారినే తిరిగాను.

ఐదో రోజు ఆవిడ కారు దిగింది. వెంట ఇద్దరు దిట్టమైన మనుషులు. ప్రతి బండనూ తట్టి, తడిపి, ఎండలో తిప్పి చూసింది. ఎక్కడా పగులు లేదు.

"అందరూ బెస్ట్ క్వాలిటీ అని రాసి పగిలినవి పంపుతారు. తమ సంగతి ముందే ఒప్పుకున్నది మీరొక్కరే. అలాంటి మనిషిని చూద్దామనే వచ్చాను" అని ఆర్డరిచ్చి వెళ్లింది.

"అంతా నీ ఇంగ్లీషు మహిమప్పా" అని మామ నన్ను కావలించుకున్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచేలోపు బిర్యానీ వచ్చింది.

వారం తర్వాత షెడ్డు ముందు నిలువెత్తు నల్లబండ లేచింది. దాని మీద మూరెడేసి ఇంగ్లీషు అక్షరాల్లో, 'మూడు తరాలుగా ఇన్‌ఫేమస్'.

"పెయింటైతే పోతాదని చెక్కిచ్చినా. కింద నీ పేరు గూడా ఏయిచ్చినా, సూడు" అన్నాడు మామ. చూశాను. పేరు పక్కన ఎమ్మే ఇంగ్లీషు అని కూడా ఉంది.

ఆ బండ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికున్నంత కాలం ఏ మాట ముందూ 'ఇన్' తగిలించను. పోలీసు స్టేషనుకు పోవాల్సి వచ్చినా సరే, 'స్పెక్టరు గారూ' అనే పిలుస్తాను.