వడ్ల రాశిలో ఒక ఇంగ్లిష్ క్రియ

ఒక్క ఇంగ్లిష్ క్రియాపదం నేర్పబోయి, నిశ్చితార్థపు ఉంగరాన్ని వడ్లపాలు, ఒక మంచి మనిషి పేరును గంగపాలు చేసిన ఘనుణ్ని నేను. పోయిన నెల మిర్యాలగూడలో ఒక పెళ్లిలో ఈ కథ మళ్లీ విన్నాను. అందులో దొంగ హమాలీ సైదులట. అబద్ధం! నోట్లో లడ్డూతో ఆ రోజూ నోరు మెదపలేదు కాబట్టి ఇప్పుడు రాసిస్తున్నాను. కాదనేవాళ్లు కోదాడ వచ్చి నా ఎదుట అనండి.

అప్పట్లో సూర్యాపేట మార్కెట్ యార్డులో, వ్యాపారి వీరేశం గారి దుకాణం ముందు, కొనుగోళ్లు ముగిశాక ఆరుగురు వ్యాపారులకు స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పేవాణ్ని. నాకు మిర్యాలగూడ సంబంధం కుదిర్చిందీ వీరేశం గారే. పిల్ల తండ్రి అక్కడి రైసుమిల్లులో సూపర్‌వైజరు. ఉంగరం తొడిగి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ బోర్డు మీద అక్షరాలను ఉంగరపు వేలితోనే చూపించాను.

“రికవర్ ఎరికే సార్. జరమొచ్చి తగ్గుతది సూడు, గది. మరి గీ రిట్రీవ్ ఏంది?” అన్నారు వీరేశం గారు.

“చేజారినదాన్ని అదున్న చోటికే వెళ్లి తిరిగి తెచ్చుకోవడమండీ. చేసి చూపిస్తాను.”

చెప్పి ఊరుకుంటే ఈ కథే లేదు. ఉంగరం తీసి, పక్కనున్న వడ్ల రాశిలోకి భుజందాకా చేయి దూర్చి, అక్కడ వదిలేశాను.

బస్తాలు కుడుతున్న సైదులు పరుగెత్తుకొచ్చాడు. “వద్దు సారూ! వడ్లు నిలవయి, జారుతయి. లోపలికి గుంజుకపోతయి.”

“నువ్వు ఊరుకోవయ్యా. ఇది ఇంగ్లిష్.”

మళ్లీ చేయి పెట్టాను. వడ్లు. ఇంకాస్త లోపలికి. వడ్లే. చొక్కాలో, జేబులో, చెవిలో వడ్లు. బురదలో దిగబడ్డ దున్నపోతులా గింజుకుంటున్నాను.

“దొరికిందా సార్?”

“రిట్రీవింగ్... స్టిల్ రిట్రీవింగ్!”

“జర ఆగుర్రి సారూ. జల్లెడ వడదాం, గంటల దొరుకుతది,” అన్నాడు సైదులు మెల్లగా.

ఆరుగురు శిష్యుల ముందు గురువు జల్లెడ పట్టడమా? ఖాళీ పిడికిలి బిగించి పైకెత్తాను. “ఐ హావ్ రిట్రీవ్డ్ ఇట్!”

చప్పట్లు! పిడికిలిని భద్రంగా జేబులో దాచుకున్నాను. సాయంత్రానికి ఆ వడ్లు బస్తాలెక్కి, బస్తాలు లారీ ఎక్కి, లారీ నేరుగా మా కాబోయే మామగారి మిల్లుకే వెళ్లింది.

మర్నాడు ఆ మామగారే దుకాణానికి వచ్చారు. “ఉంగరమేదయ్యా అల్లుడా?”

“పోయిందండీ... ఇక్కడే...”

“గట్లెట్ల పోతది?” అన్నారు వీరేశం గారు. “మా కండ్లముందటనే తీసి జేబుల పెట్టుకున్నడు. పక్కన సైదులొక్కడే ఉండె.”

అందరూ సైదులు వైపు చూశారు. సైదులు నా వైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూశాను.

“రేపటి సంది పనికి రాకు,” అన్నారు వీరేశం గారు. నలుగురిలో నోరు విప్పి మాట్లాడటం ఎలాగో నేర్పే మాస్టారికి ఒక్క వాక్యం దొరకలేదు. ఏ భాషలోనూ.

ఆ తర్వాత మూడో రోజు పాఠం మధ్యలో సైదులు వచ్చాడు. తల నిండా ఊకదుమ్ము. “నేను కుట్టిన బస్తాలు నాకెరికే. రెండొద్దులు మిల్లుల రాళ్లేరే మిషిను కాడ కూసున్న. గియ్యాల రాళ్లల్ల వడ్డది.” ఉంగరం నా అరచేతిలో పెట్టాడు. “సారూ, రిట్రీవ్ అంటే గిదేనా?”

“వెరీ గుడ్,” అన్నాను. అంతే అన్నాను!

“సార్ జేబుల ఉన్నది మిల్లుకెట్ల వోతది? భయపడి తెచ్చిచ్చిండు,” అని వీరేశం గారు దయతలచి అతణ్ని మళ్లీ పనిలో పెట్టుకున్నారు. ఆ దయనూ నేను సరిదిద్దలేదు.

అందుకని వినండి. ఆ రోజు నా పిడికిలి ఖాళీ. సైదులు దొంగ కాడు, దొంగను నేను. అయితే నేను చెప్పిన అర్థం మాత్రం అక్షరాలా సరైనదే. ఆ విషయంలో ఈనాటికీ తగ్గను. చేసి చూపించిన మనిషి వేరు, అంతే. ఇకమీదట నాకు చేతకాని ఏ క్రియనూ నలుగురిలో చేసి చూపించనని వడ్ల రాశి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.

ఇదంతా రాస్తున్నానని నిన్న సైదులుకు ఫోన్ చేశాను.

“రాయుర్రి సారూ,” అన్నాడు. “గని తెలుగుల రాయుర్రి. ఇంగ్లిష్ల రాస్తే మల్ల నా మీదికే వస్తది.”