కోటయ్యన్న తాగలేదు

ఏడేళ్ల కిందట మా క్వారీ యజమాని "కోటయ్య తాగొచ్చాడా?" అని అడిగినప్పుడు నేను లేదని చెప్పలేదు. తల వంచుకుని నిలబడ్డాను. దాన్ని ఔనని అనుకున్నారు. పోయిన నెల కోటయ్యన్న దారి తప్పి అదే క్వారీ అంచున కూర్చుని కనబడ్డాడు. అప్పుడు ఆయన్నూ, ఆయన భార్య అంజమ్మ వదిననూ నరసరావుపేట డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తానన్నాను.

మాది గురజాల పక్క ఊరు. శనివారం పొద్దున ఏడు దాటాక పల్లెవెలుగు బస్సు దొరికింది. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి, ఆధార్ కార్డు చూపిస్తే వదినకు జీరో టికెట్ ఇచ్చారు. ఇలా మరుపు ముదిరిన మనిషిని తీసుకెళ్లేవాళ్లు ఆయన్ను కిటికీ వైపు కూర్చోబెట్టి, తాము ఇవతల కూర్చోవాలి. బస్సు ఆగిన ప్రతిచోటా కోటయ్యన్న దిగబోయాడు.

పిడుగురాళ్లలో ఎక్కిన ఒకావిడ మిరపకాయల సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని వదిన పక్కన కూర్చుంది. "మీ ఆయన ఊరికే లేస్తన్నాడు, ఏంది సంగతి?" అంది.

"మతి పోయింది. తాగి తాగి చెడగొట్టుకున్నాడు" అంది వదిన.

"మా ఆయనా చానా తాగుతాడక్కా. అన్నీ మర్చిపోతాడు గానీ బ్రాందీ కొట్టుకి దారి మాత్రం మర్చిపోడు."

ఇద్దరూ నవ్వారు. నేను టికెట్లు మడతపెడుతూ కూర్చున్నాను.

యజమాని ఆ మాట అడిగిన రోజు జరిగింది ఇది. మా సున్నపురాయి క్వారీలో పేలుడు మందు పేల్చేటప్పుడు మోతలు లెక్కపెట్టే పని మేస్త్రీది. అప్పుడు మేస్త్రీ కోటయ్యన్న. ఎన్ని చోట్ల మందు పెడితే అన్ని గులకరాళ్లు ముందే కుడి జేబులో పోసుకుని, ఒక్కో మోతకూ ఒక్కోటి ఎడమ జేబులోకి వేసుకోవాలి. కుడి జేబు ఖాళీ అయ్యాకే కూలీలను దిగనివ్వాలి. ఆ రోజు ఎనిమిది చోట్ల మందు పెట్టారు. నాలుగో మోత తర్వాత కోటయ్యన్న రెండు జేబుల్లోనూ చేతులు పెట్టి, ఎటు నుంచి ఎటు వేయాలో తెలియక నిలబడిపోయాడు. నేను చూశాను. ఏడు మోతలకే "దిగండి" అన్నాడు. నేను కేకేసి ఆపిన కాసేపటికి ఎనిమిదోది పేలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పొద్దున ఇద్దరం ఒకే క్యారియర్‌లో అన్నం తిన్నాం. ఆయన చుక్క ముట్టలేదని నాకు తెలుసు. ఆయన్ను తీసేస్తే మేస్త్రీ పని నాకొస్తుందనీ తెలుసు. వచ్చింది.

తాగలేదని ఆయన చెబితే వదిన నమ్మలేదు, ఆయన తడబాట్లన్నీ తాగుడువే అనుకుంది. కొన్నాళ్లకు ఆయనే "తాగానేమోలే" అనడం మొదలుపెట్టాడు.

తొమ్మిదిన్నరకు పేటలో దిగాం. నరాల డాక్టరు గుంటూరు నుంచి శనివారాలు మాత్రమే వస్తాడు, కాబట్టి పదిలోపే పేరు రాయించుకోవాలి. మాకు పిలుపు పన్నెండున్నరకు వచ్చింది. గురజాల డాక్టరు రాసిస్తే ముందు వారం తీయించిన స్కాన్, రక్తపరీక్షలు చూసి, డాక్టరు ఆయన చేత గడియారం బొమ్మ గీయించాడు. అంకెలన్నీ ఒక పక్కకే వచ్చాయి.

"మందు అలవాటుందా?"

"ఉందయ్యా. దాంతోనే పని పోయింది" అంది వదిన.

డాక్టరు కలం కాగితం మీద పెట్టాడు. "లేదండీ" అన్నాను. "ఈయన తాగడు. ఏడేళ్ల కిందటే మరుపు మొదలైంది. నేను చూశాను."

డాక్టరు కలం పక్కన పెట్టి, ఇది అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బన్నాడు. మేం చేసే పని ఏమిటో అడిగి, మాకు అర్థమయ్యేలా చెప్పాడు. "క్వారీలో సైరన్ మోగితే పని ఆపుతారు కదా. మెదడులో కణం కూడా అంతే. వంకరపోయిన ప్రొటీన్లు పేరుకుంటే దానికి ఒత్తిడి. కొత్త ప్రొటీన్ల తయారీ బాగా తగ్గించి, ముందు చెత్త సర్దుకుంటుంది. సర్దుకున్నాక మళ్లీ పని మొదలవ్వాలి. ఈ జబ్బులో ఆ సైరన్ ఆగకుండా మోగుతూనే ఉంటుంది. కొత్త జ్ఞాపకం నిలవాలంటే కొత్త ప్రొటీన్లు కావాలి, అవి చాలవు. కణాల మధ్య సంబంధాలు తెగుతాయి, తర్వాత కణాలే పోతాయి. ఇదొక్కటే కారణమని చెప్పలేం, కారణాల్లో ఇదొకటి."

"నేను రోజూ తిట్టా. ఆ ఒత్తిడికే వచ్చిందా?" అంది వదిన.

"మీ తిట్లకు వచ్చే జబ్బు కాదమ్మా. బయటపడే నాటికే లోపల ఏళ్ల తరబడి నడుస్తూ ఉంటుంది." మాత్రలు కొంతకాలం కాస్త సాయం చేయొచ్చు గానీ, పోయింది వెనక్కి రాదన్నాడు.

ఒకటిన్నరకు బస్టాండు ఎదుట భోజనం. కోటయ్యన్న గ్లాసులో నీళ్లు అన్నంలో పోసుకుని కలిపాడు. వదిన ముద్ద ముట్టలేదు.

మూడింటి బస్సు ఎక్కాక అడిగింది. "ఆయన తాగలేదని నీకెట్టా తెలుసు శీనూ?"

అంతా చెప్పాను. జేబుల సంగతి, క్యారియర్ సంగతి, మేస్త్రీ పని సంగతి.

"ఏడేళ్లు ఆయన్ని అరుగు మీద పండబెట్టా" అంది. "నువ్వొచ్చేవాడివి. ఆ అరుగు మీదే కూర్చుని టీ తాగిపోయేవాడివి."

"తప్పే వదినా."

"నాక్కాదు, ఆయనకు చెప్పు. తలకెక్కేది ఇంకా ఏమన్నా మిగిలుంటే."

మీలో ఎవరైనా ఇలాంటి మనిషిని తీసుకెళ్తే, స్కాన్ కాగితాలతో పాటు ఆయన మొదటిసారి తడబడటం చూసినవాణ్ణి కూడా వెంటబెట్టుకెళ్లండి. వాడు నాలాగా ఏడేళ్లు ఆగకుండా చూడండి.

కోటయ్యన్న మళ్లీ లేవబోయాడు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. వెనక సీట్లవాళ్లకూ వినబడేలా చెప్పాను.

"అన్నా, ఆ రోజు నువ్వు తాగలేదు. నాకు తెలుసు. నీ పని నాకు రావాలని నోరు మూసుకున్నా. నన్ను క్షమించు."