దడుపుకు వాసన రాదు

పోలీసు యాక్షన్ రోజుల్ల ఎవరికి జ్వరమొచ్చినా, తుపాకుల చప్పుడుకు దడుసుకున్నరనేది మా అమ్మ. పచ్చి బాలింత మా అక్క చలిజ్వరంతోని గజగజ వణుకుతుంటే సుత అదే మాట. ఊరికి తీసుకపోయి తాయెత్తు కట్టిస్తదట! సికింద్రాబాద్ స్టేషన్ల ఆడోళ్ల వెయిటింగ్ రూంల బొంత కప్పి పండబెట్టింది. దవాఖానకు పోదామని చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది.

పక్క బెంచీ మీదున్న బురఖా ఆమె లేచొచ్చి, అక్క బొంత ఎత్తి వాసన చూసింది. అమ్మ కయ్యిమన్నా ఆమె తగ్గలే.

"మా కోడలు బాలింతగున్నప్పుడు గిదే వాసనొచ్చింది. మేం సుత దడుపే అనుకున్నం. పిల్ల సచ్చి, మట్టిచ్చినంక ఎరుకైంది. దడుపుకు వాసన రాదమ్మా. లే, దవాఖానకు నడు!"

ఆమె, నేను చెరో రెక్క పట్టి అక్కను టాంగా ఎక్కించినం. అంతల ఆమె ఎక్కాల్సిన రైలు కూతపెట్టి పోయింది. ఆమె అటు తిరిగి సుత చూడలే.

దవాఖానల, గర్భంల మిగిలిన మాయ ముక్క తీసి సూదులేసిన్రు. అక్క బతికింది. అమ్మ మంచం కాడనే తాయెత్తు కట్టించింది.

ఆ తాయెత్తే బతికించిందంటది అక్క ఇప్పటికీ. వింటే నాకు ఒళ్లు మండుతది. కానీ తన బిడ్డకు కాన్పైనప్పుడు, రోజూ పొద్దున లేస్తనే పోయి, బొంత ఎత్తి వాసన చూసేది.