ఆ రెండు మాటలు నావి... తీసెయ్యకండి

మా చిన్నతనంలో, తెల్లదొరల కాలంలో... పెళ్లయినాక బువ్వబంతి వేసేవాళ్లు. కొత్త జంటను, ఇరువైపుల వాళ్లను ఒకే బంతిలో కూర్చోబెట్టి అన్నం పెట్టేవాళ్లు. అప్పుడు ఆడవాళ్లు ఒకరినొకరు ఎగతాళి చేస్తూ పాటలు పాడాలి. పాటకు పాట చెప్పలేని ఇంటి పిల్లను అత్తగారింట్లో ఏళ్ల తరబడి దెప్పేవాళ్లు.

మాది కమలాపురం పక్కన పల్లె. మా అక్క నాగమ్మను ఆలూరు వాళ్లకు ఇచ్చారు. పాట కట్టే పని నా మీద పడింది. నాకు అప్పుడు పదకొండేళ్లో, పన్నెండో...

పాపాఘ్ని ఇసుకలో మేకలు మేపుతూ కట్టుకున్నాను. ఎండకు ఏరంతా తెల్లగా ఊగుతున్నట్టుండేది... మాటలు ఎక్కడో దూరం నుంచి నడిచి వస్తున్నట్టుండేది. మూడు పాదాలు కుదిరాయి. నాలుగోదానికి పది కట్టాను, పదీ పారేశాను. ఏది కట్టినా, ఇది నవ్వులపాలు అవుతుందని లోపల ఒకటే గుబులు.

బంతి రోజు రానే వచ్చింది. ఆలూరు ఆడవాళ్లు వరసగా నాలుగు పాటలు పాడేశారు. మా వైపు చప్పుడు లేదు.

"ఏమమ్మా, ఈ ఊరి ఆడోళ్ల నోళ్లకు బీగాలు ఏసినారా? తాళంచెవి యాడుండాది?" అని ఒకామె అంటే అందరూ పకపకా నవ్వారు.

మా అమ్మ నా తొడ గిల్లింది. "పాడే! మీ అక్క ఆ ఇంట్లో తల ఎత్తుకోవద్దా?"

"ఇంగా కుదర్లేదు మా... ఒక పదం తక్కువైతాండాది."

"నీకు కుదిరేదాంకా వాళ్ల బండ్లు నిలుస్తాయా?"

లేచి అందుకున్నాను.

*ఆలూరి అత్తమ్మ బండి దిగినాదీ...*
*బండి దిగి మా ఇల్లు ఎగదిగ చూసిందీ...*
*ఉగ్గాని పెడితేను మూతి తిప్పిందీ...*

అంతే. నాలుగో పాదం లేదు. దిక్కుతోచక బంతి వైపు చూశాను. మూడు రోజులుగా మూతి ముడుచుకుని కూర్చున్న ఆ అత్త, పెళ్లికొడుకు తల్లి, తల వంచుకుని ఏడుస్తున్న మా అక్క నోటికి కొంగు చాటున ముద్ద అందిస్తోంది... కళ్లు చూసింది నోరు పాడేసింది.

*ఏడ్చే మా అక్కకు ఎవురూ చూడకుండ ముద్ద పెట్టినాదీ...*

పాటలో పట్టనంత పొడుగు. పైగా ఎగతాళి చేయాల్సినచోట పొగడ్త! బంతిలో తలలన్నీ ఆ అత్త వైపు తిరిగాయి.

"ఓసి నీ నోరు పడ! నా గుట్టు రట్టు జేస్తివి కదే! ఇంగ ఈ పిల్ల నాకు భయపడుతాదా?" అని ఆ అత్త నెత్తి కొట్టుకుంది. మా అక్క ఫక్కున నవ్వింది... మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు.

నేను మాత్రం జొన్నసొప్ప వామి వెనక కూర్చుని ఏడ్చాను. బండ్లు కట్టేటప్పుడు ఆ అత్తే వెతుక్కుంటూ వచ్చింది.

"ఏమ్మే, ఆ పాట మళ్లీ పాడు. దావలో పాడుకుంటా పోతాం."

"అది తప్పుపోయినాది అత్తా. సక్కంగా కట్టి ఇస్తా, ఉండు."

"కట్టొద్దు. అట్లే పాడు."

నల్లరేగడి చేలలో బండ్లు పోతుంటే ఆ పొడుగు పాదాన్ని వాళ్లు పరుగు పరుగున పాడడం... ఎద్దుల గంటలు, నవ్వులు, దుమ్ము... అంతా కలిసి సన్నగా కరిగిపోయేదాకా నిలబడి విన్నాను. ఆ తరువాత ఏ పాటనూ నేను నోట్లో దాచుకోలేదు. కుదిరినా పాడాను, కుదరకున్నా పాడాను.

ఇంతకీ ఇదంతా ఎందుకంటే... నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు ఫోన్లో కొడుతోంది. మొన్న మీలో ఎవరో ఆ పాటను ఇక్కడ, ఈ గ్రూపులో పెట్టారు, 'కట్టింది ఎవరో తెలియదు' అని. నేనే కట్టాను! అంతకన్నా కోపం తెప్పించింది ఇంకొకటి. నాలుగో పాదాన్ని దిద్దారు. *ఏడ్చే మా అక్కకు ముద్ద పెట్టినాదీ...* అట. తూకం బాగా కుదిరింది నాయనా, కాదనను. ఆ తూకమే దొరక్క అప్పుడు నేను ఏడ్చింది.

కానీ 'ఎవురూ చూడకుండ' తీసేస్తే, ఆ అత్త ఇంకెక్కడుంది అందులో?

ఇప్పుడు పెళ్లిళ్లలో సౌండు పెట్టెలు పాడుతున్నాయి, ఒక్క తప్పు పోకుండా... ఆడవాళ్లు గమ్మున తిని లేస్తున్నారు. మీ అవ్వలు తప్పుగా పాడిన పాట ఒక్కటైనా గుర్తుందా? ఇక్కడ పెట్టండి, మనవరాలు చదివి వినిపిస్తుంది.

దిద్దకండి. అట్లే పెట్టండి.