బందరు కోటలో పడ్డ మామిడికాయ

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. పెళ్లయి ఆగిరిపల్లి వచ్చిన దగ్గర నుంచి మామిడితోటల్లోనే బతుకుతున్నదాన్ని. చీకట్లో ఏ చప్పుడు విన్నా పందికొక్కో గబ్బిలమో అనుకునేదాన్నే గానీ భయపడింది లేదు. అయినా బందరులో పట్టపగలు నా కళ్లతో చూసింది చెప్పకుండా ఉండలేను.

వేసవిలో మా మామయ్య పోయారు. అప్పటి నుంచి అత్తయ్య కంచం ముందు కూర్చోవడమే గానీ తినడం లేదు. రెండు మెతుకులు కెలికి లేచిపోయేది. క్రిస్మస్ నాటికి బంగారు గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. “ఇలాగే ఉంటే ఆవిడ మీకు దక్కదమ్మా” అన్నారు నూజివీడు డాక్టరు గారు. కాస్త గాలి మారుతుందని మా ఆయనా నేనూ ఆమెను బందరు తీసుకెళ్లాం. సముద్రం ఎప్పుడూ చూడలేదామె.

మంగినపూడి బీచిలో కాళ్లు తడుపుకుంది. బందరు లడ్డూ కొనిస్తే చేతిలో పట్టుకుని కూర్చుంది, నోట్లో పెట్టలేదు. తర్వాత ఆటో అతను పాత కోట చూపిస్తానన్నాడు. పైకప్పు లేని గోడలు, చుట్టూ ఉప్పునేల, అక్కడక్కడా తుమ్మకంప.

“ఒకప్పుడు డచ్చోళ్లు ఇక్కడ ఓడల సరుకు దాచేవోళ్లండీ. మన కలంకారీ గుడ్డలన్నీ ఈ దారినే సముద్రం దాటెళ్లాయి” అన్నాడతను.

“లడ్డూలన్నా మిగిల్చారు, నయం” అన్నారు మా ఆయన.

మేం నవ్వుతుండగా అత్తయ్య గోడ పక్కన ఆగిపోయింది. తల పైకెత్తి, “ఆఁ, పట్టాను. వదలండి” అంటూ కొంగు రెండు చేతులా చాపింది.

మా తోటల్లో కోత అలాగే జరుగుతుంది. చెట్టు పైనున్నవాళ్లు కేకేస్తారు, కిందివాళ్లు గోనెపట్టా చాచి అందుకుంటారు. కాయ నేలకు తగిలితే దెబ్బతిని కుళ్లిపోతుంది, తొడిమ ఊడితే సొన కారి మచ్చపడుతుంది. మా ఇంట్లో ఎప్పుడూ మామయ్య పైన, అత్తయ్య కింద.

ఆ కొంగులో టప్పున ఒక కాయ పడింది. పచ్చి మామిడికాయ.

మా ఆయనకు ముందు భయం వేయలేదు, కోపమొచ్చింది. “తొడిమ ఉంచకుండా కోసిందెవడ్రా?” అని తోటలో కూలీల మీద అరిచినట్టే పైకి చూసి అరిచారు. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

డిసెంబరులో మా చెట్లకు పూత కూడా సరిగా ఉండదు. ఆ చుట్టుపక్కల మామిడిచెట్టే లేదు. కోతి పడేసిందేమో అన్నాడు ఆటో అతను. ఇక్కడ కోతులున్నాయా అంటే, “నేనైతే చూళ్లేదండీ” అన్నాడు. ముచ్చిక దగ్గర సొన ఇంకా కారుతోంది. అంటే అప్పుడే కోసిన కాయ. ఆ సొన మరక చీర మీద అలాగే ఉండిపోయింది, ఎంత ఉతికినా పోలేదు.

అత్తయ్య మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. ఊళ్లో ఒక చిన్న మెస్సులో కూర్చున్నాక ఆ కాయను ముక్కలు కోయించి, ఉప్పూకారం అద్ది మా అందరికీ పంచింది. పుల్లగా, గట్టిగా, మామూలు కాయలాగే ఉంది. తర్వాత రొయ్యల ఇగురుతో అన్నం కలిపింది. ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద తింది. నేను తినడం మాని చూస్తున్నాను.

ఉండబట్టలేక అడిగాను. “అత్తయ్యా, అక్కడ ఎవరు పిలిచారు?”

నా వంక వింతగా చూసింది. “నీకు వినపడలేదటే? అంత గట్టిగా అరిస్తేనూ!” అని, “ఇంకాస్త అన్నం వేయమను” అంది.

ఆ రోజు నుంచి తింటోంది. అక్కడ నేను విన్నది గాలి చప్పుడే. కాయ మాత్రం నేనూ తిన్నాను. అది ఎక్కడి నుంచి పడిందో నాకు ఇప్పటికీ తెలియదు.