మూత పెట్టని కూర

మా అవ్వ పోయింది. పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "జర నడుం వాలుస్త" అని పడుకుంది. మళ్లీ లేవలేదు. తొంభై ఏళ్లు ఎప్పుడో దాటింది. దవాఖాన మెట్లెక్కకుండా, ఎవరి చేతా ముద్ద పెట్టించుకోకుండా వెళ్లిపోయింది. ఏడ్చాను, బాగానే ఏడ్చాను. కానీ ఇది ఏడుస్తూ రాస్తున్నది కాదు, కోపంతో రాస్తున్నది. చదివేవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పడం మంచిది.

కోపం ఎందుకంటారా? నల్లగొండలోని మా ఇంటి నుంచి అవ్వను ఊరికి తీసుకుపోయేసరికే అక్కడ ఫ్లెక్సీ కట్టి ఉంది. మా ఊరు కేతేపల్లి దిక్కు. ఆ ఫ్లెక్సీ మీద అవ్వ ఫోటో ఒకటి, దానికి రెండింతలు తాత ఫోటో ఒకటి. తాత పోయి ముప్పై ఏళ్లు. చచ్చిపోయింది ఎవరో తెలియని మనిషి చూస్తే తాతే మళ్లీ పోయాడనుకుంటాడు. కింద పెద్ద అక్షరాల్లో "సాయుధ పోరాట యోధుని సతీమణికి జోహార్లు" అని రాసి ఉంది.

అది కట్టించింది ఊళ్లో అమరుల స్తూపం పనులు చూసే పెద్దమనిషి. నాకు వరసకు చిన్నాయన. మంచివాడే. ఇదేమిటని అడిగితే నా భుజం తట్టాడు.

"తప్పేమున్నది బిడ్డా? మీ తాత తుపాకి పట్టిండు. అవ్వ వండిపెట్టింది. గంతే గద!"

ఆ "గంతే"లో ఎంత ఉందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

చివరి పదకొండేళ్లు అవ్వ నా దగ్గరే ఉంది. నేను బడిలో పాఠాలు చెప్పి వచ్చేసరికి ఇంట్లో ఏదో ఒకటి ఎండుతూ ఉండేది. టమాటలు చవకగా దొరికితే టమాట ముక్కలు, గోరుచిక్కుడు దొరికితే గోరుచిక్కుడు. కూరగాయను ఉప్పు వేసి ఎండబెడితే మేం ఒరుగులంటాం. కాలం కాని కాలంలో వేడినీళ్లలో నానబెట్టి వండుకుంటాం. మా అపార్టుమెంటు బాల్కనీ నిండా పాత చీరలు పరిచి అవ్వ ఇవే ఎండబెట్టేది. చూడ్డానికి బాగోలేదని చెప్పడానికి ఒకసారి అపార్టుమెంటు సెక్రటరీ వచ్చాడు. అవ్వ ఆయన్ను కూర్చోబెట్టి జొన్నరొట్టె, వంకాయ ఒరుగుల కూర పెట్టింది. ఆయన తిన్నాడు, చేయి కడుక్కున్నాడు, వెళ్లిపోయాడు. ఏం చెప్పడానికి వచ్చాడో ఆయనకే గుర్తు రాలేదనుకుంటాను.

ఇట్లా ఉండగా మా అబ్బాయి ఒకరోజు సూపర్ మార్కెట్ నుంచి గడ్డకట్టిన కూరగాయల పొట్లాలు రెండు తెచ్చాడు. బీన్స్, క్యారెట్, బఠాణీ కలిపి తరిగి ఉన్నాయి. నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, వాటిని గిన్నెలో పోసి వేడినీళ్లు కుమ్మరించి అరగంట పక్కన పెట్టాను. ఒరుగులు తిని పెరిగిన మనిషిని కదా, నిలవ ఉంచిన కూరగాయ ఏదైనా నానబెట్టాలనే అనుకున్నాను. తర్వాత పొయ్యి మీద పెట్టి మూత కూడా వేశాను. అయింది కూర కాదు, పసిపిల్లలకు పెట్టే గుజ్జు. అవ్వ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నా ముఖంలోకి చూసింది.

"పళ్లు లేవని నాకోసం నమిలి పెట్టినవా ఏంది?"

పిల్లలు పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "మరి నువ్వే చెయ్యరాదూ" అన్నాను. అవ్వ రెండో పొట్లం తెప్పించుకుని, అరచేతిలో నాలుగు ముక్కలు పోసుకుని, కరిగేదాకా చూసింది. ఒక బీన్స్ ముక్క కొరికింది. లేత కాయను కోసీ కోయగానే దాచారని అప్పుడే కనిపెట్టేసింది.

"ఒరుగులకు దాహం బిడ్డా. నీళ్లు తాపాలె. గీటికి దాహం లేదు, చలి పెడ్తాంది. వణికేటోని మీద నీళ్లు పోస్తరా? మంట కాడ కూసోబెట్టాలె."

ఆ వంట ఇప్పటికీ మా ఇంట్లో వారానికోసారి అవుతుంది. ఇనుప కడాయి బాగా కాలాలి. నీళ్ల చుక్క వేస్తే చిందులు తొక్కాలి. పొట్లం ఫ్రిజ్‌లోంచి తీసీ తీయగానే ఖాళీ కడాయిలో పోసి పరచాలి. నూనె అప్పుడే వద్దు, ఉప్పు అసలే వద్దు. ఉప్పు ముందు వేస్తే ముక్క నీరు వదులుతుంది. ఆవిరి పైకి లేచి పోయేదాకా పెద్ద మంట మీద ఉంచి, అడుగు అంటకుండా రెండుమూడుసార్లు కదిపితే చాలు. ఆవిరి తగ్గాక ముక్కల్ని అంచులకు జరిపి, మధ్యలో రెండు చెంచాల నూనె పోసి, జీలకర్ర, దంచిన ఎల్లిగడ్డ, ఎండుమిరపకాయలు వేయాలి. అవి వేగాక అంతా కలిపి, ముక్క అక్కడక్కడా మాడీ మాడనట్టు అయినప్పుడు ఉప్పు, వేయించి దంచిన నువ్వుల పొడి చల్లి దించాలి. పావుగంట పని. నేను మూత తీసుకుంటే మాత్రం అవ్వ చేతి మీద కొట్టేది.

"మూత పెడితే కూర ఏడుస్తది. ఏడ్చిన కూర పొద్దుగూకేసరికి పాడైతది."

నీళ్లు తగలని కూర నాలుగు రోజులైనా చెడదని అవ్వకు ఎట్లా తెలుసో ఆ రోజే అడిగాను. ఆమె చెప్పింది. అడిగితే తప్ప చెప్పే మనిషి కాదు. తాత ఉన్నన్నాళ్లూ మేం అడిగింది ఆయననే.

అవ్వ కాపురానికి వచ్చేనాటికి పదిహేనేళ్లు. ఇంటి వెనక దొడ్డిలో గోరుచిక్కుడు, వంకాయ, కాకర బాగా కాసేవి. అయితే అవి ఇంటివాళ్ల నోటికి రావు. కాయ లేతగా ఉండగానే దొర గడి నుంచి మనిషి గంప పట్టుకుని వచ్చేవాడు. వెట్టి కింద కోసుకుపోయేవాడు. ముదిరినవీ పురుగు పట్టినవీ ఇంటికి మిగిలేవి. అవ్వ రెండు పంటలు ఓర్చుకుంది. మూడో పంటకు పిందె కాయగా మారీ మారకముందే కోసేసి, ముక్కలు తరిగి, ఉప్పు పట్టించి ఇంటి కప్పు మీద ఎండేసింది.

గంప పట్టుకొచ్చినవాడు ఖాళీ చెట్లను చూసి, "కాయలేవే?" అన్నాడు.

"మీదున్నయి. ఎక్కి తీసుకపో" అంది అవ్వ.

గడిలో ఒరుగులు తినరు. అది పేదోళ్ల తిండి, దొరసాని ముట్టదు. వాడు ఎక్కనూ లేదు, తీసుకుపోనూ లేదు. ఆ మాట బావి దగ్గర ఆడవాళ్లలో పడింది. వారం తిరిగేసరికి వాడకట్టులో ఏ కప్పు మీద చూసినా ముక్కలే. గడి గంప ఊరంతా తిరిగి ఖాళీగా పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకు గానీ దొరల మీద జనాన్ని కూడగట్టే సంఘం మా ఊళ్లోకి రాలేదు. ఈ వరస గుర్తుపెట్టుకోమని చదివేవాళ్లను కోరుతున్నాను. ముందు కూరగాయలు ఎండాయి, తర్వాతే తుపాకులు వచ్చాయి.

తాత దళంలో కలిశాక రజాకార్లు రెండుసార్లు ఊరి మీద పడ్డారు. వడ్లు తీసుకుపోయారు, గడ్డివాములు కాల్చారు. ఒరుగుల మూటల్ని తన్ని పోయారు. వాళ్లకూ అది తిండిలా కనిపించలేదు. గుట్టల్లో ఉన్నవాళ్లు పగలు పొగ పెట్టకూడదు, పెడితే జాడ తెలుస్తుంది. అందుకని అవ్వ నానిన ఒరుగుల్ని గట్టిగా పిండి, తడి మిగలకుండా, మూత పెట్టకుండా కూర వేయించి, మోదుగాకుల్లో పొట్లాలు కట్టేది. పశువులను తోలుకుపోయే ఆడవాళ్లు వాటిని పేడ గంపల అడుగున పెట్టుకుని తీసుకుపోయేవారు. ఒక్కో ఇంటిది ఒక్కో రోజు. ఎవరి వంతు ఎప్పుడో మొగవాళ్లకు తెలియదు.

తర్వాత పోలీసు చర్య అయింది. నిజాం పోయాడని ఊరు పండగ చేసుకుంది. పండగ నాలుగు రోజులైనా నిలవలేదు. వచ్చిన సైన్యం దళాల కోసం గుట్టలు గాలించడం మొదలుపెట్టింది. తాత చివరికి నల్లమల దాకా పోయాడు గానీ, అప్పటికింకా మా దగ్గరి గుట్టల్లోనే ఉన్నాడు. ఒకరోజు సైనికులు అవ్వ ఇంటికొచ్చి కప్పు నిండా ఎండుతున్న ముక్కలు చూశారు. వాళ్ల వెంట వచ్చినవాడు తెలుగులో అడిగాడు.

"ఒక్కదానివే ఉంటవు. గిన్ని ఎవనికే?"

"మీరొస్తరని తెల్వక తక్కువ చేసిన" అంది అవ్వ.

అన్నీ వాకిట్లో కుప్పపోసి బూట్లతో తొక్కారు. ముందురోజే వాన పడింది. అవ్వను జీపు ఎక్కించుకుని క్యాంపుకు తీసుకుపోయారు. అక్కడేం జరిగిందో మొత్తం చెప్పలేదు. నేనూ అడగలేదు. చెప్పింది ఒక్కటే. మూడు రోజులు వాళ్లకు వండమన్నారట. వండిందట, ఉప్పు వేయకుండా. మొదటిరోజు మరిచిందనుకున్నారు. రెండోరోజు పిలిచి చెంప మీద కొట్టారు.

"కూరగాయ మీది, కట్టె మీది, వండిన. ఉప్పు నేనెయ్య. నా చేతి ఉప్పు నా ఇంటోళ్లకే" అందట.

మూడోరోజూ ఉప్పు పడలేదు. వాళ్లే చల్లుకుని తిన్నారు. దీని నోటి నుంచి ఏమీ రాదని తెలిసి వదిలేశారు. ఇంటికొచ్చేసరికి తొక్కిన ముక్కలు వాకిట్లోనే ఉన్నాయి. అవ్వ గంప తెచ్చి ఒక్కొక్కటీ ఏరుకుంది. "మట్టి అంటితే ఏమాయె, మట్టిల పుట్టిందే గద" అనుకుంటూ కడిగి మళ్లీ ఎండేసింది. మరుసటి వారం వేయించి పంపింది. పళ్ల కింద ఇసుక తగిలినా ఎవరూ ఉమ్మేయలేదని తాత నాకు చిన్నప్పుడు చెప్పాడు. ఆ ఇసుక ఎక్కడిదో మాత్రం చెప్పలేదు. ఆయనకు తెలుసో లేదో!

అవ్వ పోయిన మూడోనాడు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి దూరంగా నిలబడటం మా వైపు ఆచారం. పిట్ట వచ్చి ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని, చుట్టాలు ఒక్కొక్కరు గట్టిగా మాటిస్తారు. అన్నం, మాంసం, కల్లు, గారెలు అన్నీ పెట్టారు. నేను గడ్డకట్టిన బీన్స్ కూర వేయించి తీసుకుపోయాను. "గా ఐసు కూర ఏంది, పిట్ట ముడ్తదా?" అని మా మేనత్త గొణిగింది. ఆమె మాట నేను వినలేదు.

పిట్ట రాలేదు. ఎండ ఎక్కుతోంది. "నీ మనవళ్లను మంచిగ చూసుకుంటం" అని ఒకరు, "నీ దొడ్డి అమ్మం" అని ఒకరు మాటిచ్చారు. చెట్టు మీద కాకి కదల్లేదు. చివరికి చిన్నాయన నా వైపు తిరిగాడు.

"నీ దగ్గర్నే ఉండె. ఏమన్న కోరిక ఉంటే చెప్పు బిడ్డా."

అవ్వకు ఉందో లేదో నాకు తెలియదు. నాకు ఉంది.

"సతీమణి అన్న ముక్క తీసేయండి చిన్నాయనా. ఆమె కూడా పోరాటంలో ఉందని రాయండి. స్తూపం మీద ఆమె పేరు ఎక్కించండి."

"తుపాకి పట్టలే గద బిడ్డా..."

"పట్టినోళ్లు ఏం తిని పట్టిండ్రు?" అన్నాను. బడిలో ఎంత శుభ్రంగా మాట్లాడినా కోపమొస్తే ఊరి మాటే వస్తుంది నాకు.

నన్ను కసురుతారేమో అనుకున్నాను. అప్పుడు వెనక నుంచి కర్ర పట్టుకుని ఒక ముసలామె ముందుకొచ్చింది. అవ్వ ఇంటి పక్క ఇల్లు ఆమెది. అవ్వకంటే ఏడాదో రెండేళ్లో చిన్న.

"పేడ గంప నేను గూడ మోసిన. నా పేరు గూడ రాయుండ్రి" అంది.

"మా అత్త పొట్లాలు కట్టేది" అంది ఇంకొకామె. మూడో ఆమె తన తల్లి పేరు చెప్పింది. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. బతికున్నవాళ్లవీ, పోయినవాళ్లవీ, ఊరు విడిచి పోయినవాళ్లవీ వరసగా పేర్లు. మొగవాళ్లు నోళ్లు తెరుచుకుని వింటున్నారు. అందులో ముగ్గురు తమ తల్లుల సంగతి మొదటిసారి వింటున్నారు. ఆ పేర్లు నేనిక్కడ రాయను. రాయి మీద ఉండాల్సిన పేర్లు కాగితం మీద పెట్టి చేతులు దులుపుకోను.

ఈ గోలలో పిట్ట ఎప్పుడొచ్చి ముట్టిందో ఎవరూ చూడలేదు.

చిన్నాయన జేబులో పెన్ను ఉంది, కాగితం లేదు. ఆయన ఎడమ అరచేతిలో రాయడం మొదలుపెట్టాడు. అరచేయి నిండింది. చొక్కా చేయి పైకి మడిచి మణికట్టు మీద, ఆపైన ముంజేతి మీద రాశాడు. మోచేతి దాకా వచ్చేసరికి జాగా లేదు. ఆడవాళ్లు ఇంకా చెబుతూనే ఉన్నారు. ఆయన ఒక్క క్షణం ఆగి, పెన్ను నా చేతికిచ్చి, రెండో చేయి చాపాడు.