లింకులో కత్తిరించిన మాట

పోయినేడాది జహీరాబాద్‌లో ఓ చిన్న వార్తల వెబ్‌సైట్‌లో చేరాను. వార్త గూగుల్‌లో దొరికేలా, తెలుగు శీర్షికను ఇంగ్లీషులోకి మార్చి లింకు తయారుచేయడం నా పని. లింకు పొట్టిగా ఉండాలన్నారు.

ఓ రోజు కోహీర్‌లో బడి పంతులు విఠల్ సార్ రిటైరయ్యారు. ‘విఠల్ సార్ ఇక మా బడిలో ఉండరు’ అన్న పిల్లల మాటే శీర్షిక. ఇంగ్లీషులో అది ‘విఠల్ సార్ నో మోర్ ఇన్ అవర్ స్కూల్’ అయి, బడి మాట చివరికొచ్చింది. దాన్ని కత్తిరించి లింకు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. మిగిలింది ‘విఠల్ సార్ నో మోర్’ అని, అంటే సార్ చనిపోయారనే అర్థమొస్తుందని చూసుకోనేలేదు.

పావుగంటకు సార్ బిడ్డ లింకు చూసి, గ్రూపులో ఉన్న నా నంబరుకు సంగారెడ్డి నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. “అక్కా, మా నాయనకేమైంది? ఫోన్ ఎత్తుతలేడు!”

వార్త తీసేశాను. నేను చేసినా సార్ ఎత్తలేదు. నిజంగానే ఏమైనా అయిందేమోనని స్కూటీ మీద కోహీర్ వెళ్లాను. వాకిట్లో అప్పటికే పదిమంది చేరారు. వాళ్ల మధ్య సార్ తడి తల తుడుచుకుంటూ నిలబడ్డారు. ఫోన్ ఇంట్లోనే పెట్టి పొలం బోరు దగ్గరికి స్నానానికి వెళ్లారట!

బిడ్డకు ఫోన్ కలిపిచ్చాను. “మంచిగనే ఉన్న బిడ్డా, ఏడ్వకు” అన్నారు సార్. ఆమె ఏడుపు ఆగలేదు. “అక్కా, నేనొచ్చేదాక నువ్వు జర ఆడనే కూసో” అంది.

సాయంత్రం ఆమె వచ్చేదాకా కూర్చున్నాను. సార్ నన్ను తిట్టకపోగా చాయ్ ఇప్పించారు. ఇప్పటికీ లింకు పంపేటప్పుడు, దీన్ని ఎవరి బిడ్డ చదువుతుందోనని నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

– సువర్ణ, జహీరాబాద్